అవ్వ మార్చిన గూటం

అవ్వా,

నీ మీద బెంగతోనే ఇదంతా చేస్తున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు రోజూ గూటం పీకి, చేన్లో ఇంకోచోట పాతి ఆవును ఎందుకు కట్టేదానివో కాలేజీలో చదివాక తెలిసింది. ఇప్పుడు చేనును తాళ్ళతో ముక్కలు చేసి, ఆవుల్ని రోజుకొక ముక్కలో మేపుతున్నాను. మేసిన చోట గడ్డి మళ్ళీ లేవాలని నెల దాకా అటు తోలను.

"బీయస్సీ చదివి గూటాలు కొట్టేదేందమ్మా? బాగలూరులో అందరూ చేన్లు గులాబీలు పెంచే షెడ్లకు కౌలుకిచ్చినారు," అని నవ్వాడు నాయన. నిన్ను చూసీ ఇట్లాగే నవ్వేవాడు.

ఏటా వానకు మట్టి కొట్టుకుపోయే వాలులో ఈసారి గడ్డి మోకాలెత్తు నిలిచింది. నీళ్ళు ఎర్రగా పారలేదు. చూపిద్దామంటే నువ్వు లేవు. రమ్మంటే నాయన రాలేదు. షెడ్లవాళ్ళ కౌలు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

చేను నువ్వు నా పేర రాశావు. నేను సంతకం పెట్టను.