రెండో రీడర్

ఏప్రిల్ 3

కమిటీ ముందు ప్రెజెంటేషన్ చెల్లికి ఇచ్చారు. నాకు కాదు.

ఏప్రిల్ 4

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

పసిపిల్లల మడమ మీద గుచ్చి, ఒక్క చుక్క రక్తంతో ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెప్పే కిట్ ఒకటి వచ్చింది. దాన్ని అన్ని ఆస్పత్రుల్లో పెట్టాలా వద్దా అన్నది కమిటీ తేలుస్తుంది. ఆ కిట్ మీద జరిగిన స్టడీలన్నీ చదివి, దేన్ని నమ్మొచ్చో చెప్పడం మా పని. ప్రతి పేపర్‌నూ ఇద్దరం విడివిడిగా చదువుతాం. మొదటి రీడర్ చెల్లి, రెండో రీడర్ నేను. ఈ ఆఫీసుకి దాన్ని తీసుకొచ్చిందే నేను. ఇంటర్వ్యూకి నా చెప్పులే వేసుకెళ్ళింది.

మా టీమ్‌ని నడిపే ప్రొఫెసర్ దాన్ని అందరి ముందూ పొగుడుతుంటే నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టాయి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, చిన్నది ఎంత ఎదిగిపోయిందో చూశావా అని మురిసిపోయింది. చూశానమ్మా అన్నాను. రోజూ చూస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 9

అన్నిటికంటే పెద్ద స్టడీ ఈరోజు చదివాను. జబ్బున్న పిల్లల్లో నూటికి తొంభై ఆరుగురిని కిట్ పట్టుకుందట. నమ్మబుద్ధి కాలేదు. పేపర్లో అంకెల టేబుల్ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కిట్ ఎటూ తేల్చలేకపోయిన పిల్లల్ని లెక్కలోంచే తీసేశారు! వాళ్ళలో చాలామందికి తర్వాత నిజంగానే ఇన్ఫెక్షన్ బయటపడింది. వాళ్ళనీ కలిపితే ఆ తొంభై ఆరు కాస్తా డెబ్బై దాటదు.

చెల్లి దీనికి ఏ వంకా పెట్టలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని మాటల్లోనే తెలిసింది. దానికి కనపడలేదు. నాకు కనపడింది.

కడుపు చల్లబడింది.

ఏప్రిల్ 10

ఏ స్టడీలో ఏ లోపముందో ఎవరికి వాళ్ళం రాసుకున్న షీట్లు సరిచూసుకున్నాం. ఆ స్టడీ దగ్గరికొచ్చేసరికి చెల్లి ఆగింది. అక్కా, ఇది మరీ బాగుంది కదూ, ఎక్కడో తేడా కొడుతోంది అంది. నువ్వు సరే అంటేనే నాకు ధైర్యం అంది.

బాగానే ఉందిలే అన్నాను.

ఏప్రిల్ 13

చెప్పేద్దామనే ఫోన్ చేశాను. ఎత్తీ ఎత్తగానే, ప్రొఫెసర్ తనని ఇంకేదో కాన్ఫరెన్స్‌కి కూడా పంపుతానన్నారని గుక్క తిప్పుకోకుండా మొదలెట్టింది. ఊరికే చేశానే అని పెట్టేశాను.

ఏప్రిల్ 17

అయిపోయింది.

చెల్లి బాగా మాట్లాడింది. నాకంటే బాగా. తొంభై ఆరు అనగానే కమిటీలో ఉన్న పిల్లల డాక్టరు ముందుకు వంగాడు. మా వార్డులో వెంటనే పెట్టేస్తాం, నెగటివ్ వస్తే మందులు ఆపేసి బిడ్డని తల్లితో ఇంటికి పంపేస్తాం అన్నాడు.

అప్పుడు లేచాను. పిల్లల కోసమే లేచానని రాసుకోవచ్చు. ఇది ఎవరూ చదవరు కదా, ఎవరి కోసం ఆ అబద్ధం? చప్పట్లు దానికి పడబోతున్నాయి. అందుకే లేచాను.

అంతా విడమరిచి చెప్పాను. డాక్టరు కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కిట్‌ని ప్రస్తుతానికి ఆపేశారు. ప్రొఫెసర్ నా దగ్గరికొచ్చి, ఇది ఎప్పుడు గమనించావమ్మా అని అడిగారు.

ఇప్పుడే సార్ అన్నాను.

చెల్లి స్క్రీన్ పక్కనే నిలబడి ఉంది. నా వంక చూసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 18

అమ్మ ఫోన్. నా గురించి చెల్లి గొప్పగా చెప్పిందట. అక్క చూసుకోకపోతే ఎంతమంది పసివాళ్ళ ప్రాణాల మీదికొచ్చేదో అందట. నా పెద్దది బంగారం అంది అమ్మ. చిన్నప్పటినుంచీ వినాలనుకున్న మాట. వింటూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

అమ్మకి అసలు సంగతి చెప్పలేదది. చెప్పి నన్ను నాలుగు తిట్టించి ఉంటే, హాయిగా దాన్ని అసహ్యించుకునేదాన్ని.

ఏప్రిల్ 29

తర్వాతి రివ్యూకి నన్ను లీడ్ చేశారు. రెండో రీడర్‌గా చెల్లి కావాలన్నాను. ఎవరితోనైనా చేస్తాను సార్, అక్కతో మాత్రం వద్దు అందట ప్రొఫెసర్‌తో.

ఉన్నమాట దాచకుండా చెప్పేయడం. అదీ దానికే వచ్చింది.