వదిన పిట్టలు

ప్రియమైన వదినకి,

నేను క్షేమం, నువ్వు క్షేమం అని తలుస్తాను లాంటివి వదిలేస్తున్నాను. క్షేమంగా లేనిది నీ పంజరం. దానికి కారణం మీ ఆయన. నాకు అన్నయ్యే, కాదనను, కానీ ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా మీ ఆయనే. ఫోన్లో చెబుదామంటే నేను ఫోన్ అందుకోగానే ఆయనగారికి హాల్లో ఏదో పని గుర్తొస్తుంది. చెవులు ఇటు పెట్టి కుర్చీలు సర్దుతూ ఉంటాడు. అందుకే ఈ కాగితం.

మీ అమ్మగారికి తుంటి ఎముక విరిగిందని హడావిడిగా వెళ్తూ నీ నాలుగు ఫించ్ పిట్టల్నీ నా చేతుల్లో పెట్టావు. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. ఉన్నాయా, మొన్న మీ ఆయన బజారులో నడుస్తూ పేవ్‌మెంటు మీద ఒకడి దగ్గర ఐదో పిట్టని కొనుక్కొచ్చాడు. ఎందుకంటే, "పాపం, ఎవరూ కొనక మిగిలిపోయిందే." తెచ్చినవాడు తిన్నగా ఉండక మిగతావాటితో కలిపేశాడు. నేను కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి అది పంజరం అడుగున ఉండలా ముడుచుకుని కూర్చుంది. ఈకలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందకీ పైకీ ఊగుతోంది. గింజలు కొరికి పొట్టు ఊడగొడుతోంది తప్ప ఒక్కటీ మింగడం లేదు. ఆ పొట్టు చూసి మీ ఆయన మురిసిపోతూ "ఎంత బాగా తింటోందో చూశావా?" అన్నాడు. అనడమే కాదు, అట్ట ఒళ్ళో పెట్టుకుని దాని బొమ్మ గీస్తున్నాడు. డ్రాయింగు మాస్టారు మరి! అది ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఈయన పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

పక్షుల డాక్టరు దగ్గరికి నేనే పరిగెత్తాను. ఊపిరి జబ్బట, పక్కవాటికి అంటుకుంటుందట. పాత చిన్న పంజరం కడిగి, వెనక గదిలో పెట్టి, ఒక పక్క బల్బు వెలిగించి, సగం గుడ్డ కప్పాను. వేడెక్కువైతే అదే రెండో పక్కకి జరుగుతుంది. ముందు మంచివాటికి పెట్టడం, తర్వాత జబ్బుదానికి, ఆ తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం. ఉడికించిన గుడ్డు చిదిమి పెడితే కాస్త తింది కూడా. మర్నాడు షాపు నుంచి వచ్చి చూద్దును కదా, మళ్ళీ పెద్ద పంజరంలో ఉంది!

"ఎవరు కలిపారు?" అన్నాను.

"నేనే. ఒక్కతే బిక్కుబిక్కుమంటూ ఉందే. పాపం."

వదినా, ఈ 'పాపం' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నోటితో ఒక్కసారి అనేస్తే చాలు, చేతులతో ఇంకేం చెయ్యక్కర్లేదనుకుంటారు ఈ మనుషులు.

ఇంకో సంగతి. నిన్న ఆ మహానుభావుడు మా షాపు ఎదురుగా నిలబడ్డాడు. అదే, నా చెయ్యి తలుపు సందులో ఉందని తెలిసీ తలుపు మూసిన నా మొగుడు. అద్దాలు అరగదీస్తుంటే ఇప్పటికీ ఆ రెండు వేళ్ళూ పూర్తిగా వంగవు. అతనికి తెలియకూడదనే కదా ఇక్కడికొచ్చి, ఊరికి ఆ చివరనున్న షాపులో పని వెతుక్కున్నాను? ఆ షాపు సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, మీ ఆయనకి తెలుసు. నువ్వు చెప్పవు. నేను చెప్పలేదు. ఇంకెవరు చెబుతారు? అతన్ని చూసి కూడా "పాపం" అనుంటాడు. ఇందాకటి పిట్టనీ ఇతన్నీ ఒక గాటన కడుతున్నాననుకునేవు! పిట్టకి జబ్బు రావడం దాని తప్పు కాదు.

నువ్వు త్వరగా వచ్చెయ్యి. ఈ ఇంట్లో మనిషన్నది నువ్వొక్కదానివే.

నీ నోటిదురుసు ఆడపడుచు


నా బంగారు వదినా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మగారు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారంటే సంతోషం. ఆవిడని నీతోపాటు ఇక్కడికే తెచ్చేసుకుంటానన్నావు, తప్పకుండా తీసుకురా. నా గది ఆవిడకిచ్చి నేను హాల్లో పడుకుంటాను. కానీ ఆ రెండో పేజీ ఏమిటి? "ఎంతకాలమని ఇలా? నీ భర్తతో ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుంటే పోయేదేముంది? ఆయన కూడా చిక్కి సగమయ్యాడట" అని రాశావు. చిక్కాడో బలిశాడో నీకెవరు చేరేశారో నాకు తెలుసు. మీ ఆయనే. నీ మంచితనాన్ని కూడా వాడుకుంటున్నాడు.

పిట్టల సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా మీ ఆయన ఇంకోసారి కలిపేశాడు. కొత్తది కోలుకుంటోంది. కుంటిది, నీ అరచేతిలోకి వచ్చి గింజలు తినేదే, అది పోయింది. పొద్దున్న చూస్తే పంజరం అడుగున పడి ఉంది. ఏ జబ్బూ లేకుండా గెంతుతూ తిరిగిన పిట్ట వదినా! లేత ముక్కుది కూడా ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. నేను ఏడ్చాను, ఆ తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను.

"నీ జాలే దీన్ని చంపింది. అడ్డమైన ప్రతివాడినీ నెత్తిన పెట్టుకుంటావు. ఇంట్లో ఉన్నవాళ్ళు చచ్చినా నీకు పట్టదు!"

ఒక్క మాటకి బదులు చెబితే ఒట్టు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడి తన కాలి వేళ్ళకేసి చూసుకున్నాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశావో నీకే దండం పెట్టాలి. ఇప్పుడు జబ్బువి రెండూ వెనక గదిలో ఉన్నాయి. తాళం వేసుకుని షాపుకి వెళ్తున్నాను.

మహానుభావుడు ఈసారి షాపు లోపలికే వచ్చాడు. వంకర లేని ఫ్రేము వంకర తియ్యమని నా చేతికిచ్చి, నవ్వుతూ, "ఆదివారం మీ ఇంటికి వస్తున్నా. పిలిచారు" అన్నాడు. షాపు యజమాని ముసలాయన పక్కనుండబట్టి సరిపోయింది. ఎవరు పిలిచారని అడగలేదు, అడగాలా?

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. షాపు పైన ఒక గది ఖాళీగా ఉంది, ముసలాయన ఇస్తానన్నాడు. ఆదివారం లోపే వెళ్ళిపోదును. కానీ ఈ చలిలో జబ్బు పిట్టల్ని కదిపితే దక్కవని డాక్టరు అన్నాడు, వాటిని మీ ఆయనకి వదిలి వెళ్తే అసలే దక్కవు. కాబట్టి ఆదివారం ఇక్కడే ఉంటాను. మీ ఆయన అతన్ని గుమ్మం దాటనిచ్చిన మరుక్షణం, ఏమైతే అదయిందని పంజరం పట్టుకుని బయటికి నడుస్తాను. ఆ తర్వాత నాకు అన్న లేడు. ఇది నీకొక్కదానికే చెబుతున్నాను, ఆయనకి చెప్పకు.

నీ ఆడపడుచు


వదినగారికి,

ఆదివారం జరిగింది మీ ఆత్మీయుడు, ఆ మహానుభావుడు, ఈపాటికి ఫోన్ చేసి చెప్పే ఉంటాడు. అతను దిగమింగినది నేను రాస్తున్నాను.

సంచీ నిండా ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది మా అన్నయ్య. నేను వెనక గది గుమ్మంలో చిన్న పంజరం చేత్తో పట్టుకుని, ఆ దిక్కుమాలిన 'పాపం' కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"బాగున్నారా బావగారూ? మీ ఆవిడ ఫోన్ చేసి రమ్మన్నారు. మీ చెల్లెలి షాపు అడ్రసు ఇచ్చింది కూడా ఆవిడే. ఏం, మీకు చెప్పలేదా?"

అన్నయ్య తలుపు రెక్క పట్టుకుని, "లోపల జబ్బు పిట్టలున్నాయి. బయటి చెప్పులతో ఎవర్నీ రానివ్వకూడదు" అన్నాడు.

"అదెంత పని, విప్పేస్తాను."

"విప్పినా రానివ్వకూడదు" అని మొహం మీదే తలుపు వేసేశాడు. గడియ ఒక పట్టాన పడలేదు. బయట అతను ఏదేదో అరిచాడు, తలుపు మీద కొట్టాడు. అన్నయ్య వీపు తలుపుకి ఆనించి, అతను వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

"మరి పిట్టని ఎందుకు కలిపావు?" అని అడిగాను. రెండోసారి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. "మీ వదిన రోజూ ఫోన్ చేసి కలపమనేది. ఒంటరిగా ఉంటే బెంగతో చచ్చిపోతుందంది. తన పిట్టలు కదా, కాదనలేకపోయాను."

"నేను అన్నేసి మాటలు అంటుంటే నోరు విప్పొచ్చుగా?"

"విప్పితే మీ ఇద్దరికీ చెడుతుంది. ఈ ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకోడానికి నీకు తనొక్కతే ఉందనుకున్నాను."

మీ అమ్మగారికి గది కావాలంటే, గది ఖాళీ చెయ్యమని ఒక్క ముక్క రాయకపోయారా? ఆ పూటే చేసేదాన్ని. దానికోసం నా వేళ్ళు నలిపినవాడికి నా అడ్రసు ఇవ్వాలా? జంటగా కనబడితే చాలు, లోపల ఎవరు ఎవర్ని చంపుకున్నా ఫరవాలేదు మీకు. మీరు నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టిన రోజులున్నాయి.

నేను రేపు షాపు పైగదికి వెళ్ళిపోతున్నాను. ముసలాయన కింద తలుపు రాత్రిళ్ళు లోపలినుంచి తాళం వేస్తానన్నాడు. అన్నయ్య వద్దన్నాడు, ఇది నీ ఇల్లే అన్నాడు. కానీ మీరొచ్చి రెండు కన్నీటి చుక్కలు రాలిస్తే కరిగిపోతాడు. వాడు మొదటినుంచీ పిరికివాడే, నేను కాదనను. ఆ పిరికివాడే ఆదివారం తలుపు మూశాడు. జబ్బు పిట్టలు రెండూ తేరుకున్నాయి, కదపడానికి డాక్టరు సరేనన్నాడు. కొత్తదాన్ని నాతో తీసుకెళ్తున్నాను, అది మీది కాదు. లేత ముక్కుదాన్ని ఇంకొన్నాళ్ళు విడిగానే ఉంచమని అన్నయ్యకి చెప్పాను. మీరు ఏం చెప్పినా కలపనని మాటిచ్చాడు.

ఇక ఒక్క విషయం. అన్నయ్య గురించి నేను రాసిన ఉత్తరాలు రెండూ మీ దగ్గరున్నాయి. వాటిని చించెయ్యండి. నేను మొహం మీద తిట్టినవి వాడు ఎలాగో మింగాడు. వెనకాల మీతో చేరి నవ్వుకుంటూ రాసినవి చదివితే తట్టుకోలేడు. బతిమాలుతున్నావా అంటారేమో. అవును, మిమ్మల్నే బతిమాలుతున్నాను.

ఇట్లు,
అన్నయ్య చెల్లెలు