తెల్లది

సారీ-బులాక్,
19 అక్టోబరు 1998

మీకు నా సలాములు.

ముందుగా నా రాతకు, తప్పులకు కోప్పడకండి. ఐదో తరగతి సగంలో మా నాన్న గొర్రెల వెంట కొండ మీదికి తీసుకుపోయాక మళ్ళీ కలం పట్టలేదని మీకు తెలుసు. ఏదైనా మాట అర్థం కాకపోతే పైకి చదువుకోండి, నా గొంతులో చదువుకోండి, తెలుస్తుంది. పనిచోట మీ గదిలో ఉండే కుర్రాళ్ళకు మాత్రం చూపించకండి, నవ్వుతారు.

ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఆవు ఇంకా ఈనలేదు, ఈ నెలాఖరుకు ఈనుతుందని పక్కింటి బాత్మా ఒదిన అంటోంది. పిడకలు చలికాలం దాటేదాకా సరిపోతాయి. మీ వేలికి తగిలిన దెబ్బ మానిందా? మానిందని రాశారు గానీ, మానితే ఉత్తరంలో సగం ఎడమచేత్తో ఎందుకు రాస్తారు?

మీరు పంపిన ఉత్తరం బస్సు డ్రైవరు పన్నెండు రోజులకు తెచ్చిచ్చాడు. చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడేమో, చెమటకు ఒక పక్క అక్షరాలు అలుక్కుపోయాయి. నేలలో లోహం వెతికే యంత్రం ఎలా ఉందని అడిగారు. యంత్రం బాగానే ఉంది, చెవులకు పెట్టుకునే దాని వైరు తెగితే నేనే మెలిపెట్టి గుడ్డ చుట్టాను. బ్యాటరీలు మాత్రం అయిపోయాయి. చలికాలం దాకా వస్తాయన్నారు మీరు. ఎలా అయిపోయాయో తర్వాత చెబుతాను.

మీరు నేర్పినవేవీ మరిచిపోలేదు. నిలువుగా ఊపినా అడ్డంగా ఊపినా ఒకేలా పలికితే తవ్వాలి, ఒకవైపు పలికి రెండోవైపు మాట మింగేస్తే అది మేకు. గరగరమంటే ఇనుము. చేతికి తేలిగ్గా ఉండి, పైన సున్నంలా పొడి రాలితే అల్యూమినియం. పచ్చగా చిలుం పడితే రాగి. నల్లగా, చేతికి బరువుగా ఉన్నదాన్ని మాత్రం ఏమీ కాదనుకుని పారేయొద్దన్నారు. "పాత దొడ్ల దగ్గర గొర్రెల ఉచ్చకు తెల్లది కూడా బొగ్గులా నల్లబడుతుంది, మేకుతో ఒక గీత గీసి చూడు" అన్నారు. అప్పుడు మీరు కూడా నా కోసం తెల్లది అనే అన్నారు. గుర్తుందా? ఆ మాట మామయ్య పేరు కూడా కాబట్టి, కోడలిగా నా నోట రాకూడదని.

బాత్మా ఒదిన దీని మీద ఇప్పటికీ నన్ను ఏడిపిస్తూనే ఉంది. వాళ్ళ వంశం వేరు కాబట్టి మామయ్య పేరు ఎన్నిసార్లయినా పలకగలదు. "నీ మామగారికి లోహం పేరు పెట్టారు కాబట్టి బతికిపోయావే పిల్లా! రొట్టె అని పెట్టి ఉంటే అడుక్కోలేక ఆకలితో చచ్చేదానివి" అంది. మామయ్య గుమ్మంలోంచి విని, దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మా కోడలు నన్ను తెల్లవాడిని చేసింది, ఎండకు నల్లబడ్డ ముఖానికి అదీ మంచిదే" అన్నారు.

మీ నాన్నగారి దగ్గు గురించి అడిగారు. అక్కడికే వస్తున్నాను.

మీరు వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర ఒకటే చెప్పారు, ఉత్తరంలోనూ మళ్ళీ అదే రాశారు. నాన్న కళ్ళు మూసేలోగా నాయనమ్మ జడ సొమ్ము ఆయన చేతిలో పెట్టాలని. రష్యా జార్ చక్రవర్తి సైనికులు వస్తున్నారని ఊరంతా కనుమ ఎక్కి చైనాకు పారిపోయిన ఏడు, కొత్త కోడలుగా ఉన్న నాయనమ్మ జడల నుంచి ఆ సొమ్ము విప్పి, ఉన్ని నెమ్దాలో చుట్టి, పాత దొడ్డి దగ్గర పాతిపెట్టిందట. తిరిగొచ్చేసరికి దొడ్డి లేదు, గుర్తు పెట్టుకున్న రాళ్ళు లేవు. ఎన్నేళ్ళు తవ్వినా దొరకలేదు. ఆ తర్వాత కొడుకు పుడితే, పోయినదాని పేరే పెట్టుకుంది, కనీసం రోజూ పిలుచుకోవచ్చని. ఆమె నడుస్తుంటే జడ చివర అది ఎలా మోగేదో వినాలని మామయ్య చిన్నప్పుడు ఎంత అడిగినా, ఆమె నోటితో గలగలమని చూపించేదట. ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు రాయడానికి భయమేసి తెలిసినవే రాస్తున్నాను.

సెప్టెంబరు ఆఖరులో నాకు అది దొరికింది.

మీరు రెండుసార్లు వెతికి వదిలేసిన చోటే, పడమటి గోడ రాళ్ళ కింద. మోకాలి లోతున. పొద్దుటి నుంచి అన్నీ సీసా మూతలు, ట్రాక్టరు మేకులు, కొల్‌ఖోజ్ ఉమ్మడి క్షేత్రం భోజనశాల చెంచాలే వచ్చాయి, చేతులు పుళ్ళు పడ్డాయి. అప్పుడు పలికింది. నిలువుగా, అడ్డంగా, ఒకేలా. నేను ఊపడం ఆపినా నా చెవుల్లో అది ఆగలేదు. తవ్వితే నల్లటి ముద్ద, పిడికిలంత, పాత నెమ్దా బూజుతో అతుక్కుని. చిన్న చిన్న గుండ్రటి బిళ్ళలు ఒకదానికొకటి పట్టుకుని ఉన్నాయి. మేకుతో గీశాను. గీత తెల్లగా మెరిసింది. బరువుగా ఉంది. నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను, నవ్వాను కూడా, ఎవరూ చూడలేదు.

ఇంటికి పరిగెత్తాను. మామయ్య గోడ పక్క ఎండలో కూర్చుని సంచులకు తాళ్ళు కడుతున్నారు. మర్నాడు పాత లోహాలు కొనే ఎసెన్ లారీ వచ్చే రోజు. ఎర్రది ఒక సంచి, పసుపుది ఒక సంచి, తెల్లది ఒక సంచి, ఎసెన్ పిలిచినట్టే మనమూ పిలుస్తాం కదా, రాగి, ఇత్తడి, అల్యూమినియం. ఆయన కళ్ళకు ఈ మధ్య వెలుగు, చీకటి తప్ప ఏమీ ఆనడం లేదు, మీకు రాయొద్దన్నారు.

నేను ఎప్పటిలాగే పక్కకు నిలబడి, తల వంచుకుని చెప్పాను. "మామయ్యా, తెల్లది దొరికింది."

"మంచిది తల్లీ, మంచిది. సంచిలో వెయ్యి."

"కాదు మామయ్యా... తెల్లది. నేననే తెల్లది."

"వింటున్నానమ్మా, చెవులు ఇంకా పోలేదు. ఎంత ఉంది?"

"గుప్పెడు."

"గుప్పెడు తెల్లదానికి ఇంత రొప్పుతావేంటే! తెల్లదాని సంచిలో పైన పెట్టు. పొద్దున నేనే చూసుకుంటాను. ముందు నీళ్ళు తాగు."

ఆయనకు అర్థమైందనుకున్నాను. పొద్దున చూసుకుంటానన్నారు కదా. కోడలి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఇష్టంలేక, ఒక్కరే తడిమి చూసుకోవాలని ఆగారనుకున్నాను. చేతిలో పెడదామనుకున్నాను గానీ, ఎదురుగా వెళ్ళి చెయ్యి పట్టుకుని పెట్టడానికి నాకు ధైర్యం రాలేదు. ఒక్క మాట, ఆయన పేరు, పలికి ఉంటే సరిపోయేది. అత్తయ్య బతికి ఉంటే నా బదులు ఆయన చేతిలో పెట్టేది. బాత్మా ఒదిన ఆ రోజు కరాకోల్ సంతకు వెళ్ళింది. నా తలగుడ్డ అంచు చింపి, అందులో ముద్దను చుట్టి, సంచిలో పైన పెట్టాను.

మర్నాడు నేను ఆవును వాగుకు తోలుకెళ్ళి వచ్చేసరికి గోడ పక్క సంచులు లేవు. మామయ్య సంతోషంగా ఉన్నారు. "ఎసెన్ పొద్దున్నే వచ్చేశాడు. టీ ఆకు, చక్కెర ఇచ్చి పోయాడు. కోడలా, ఈ రోజు టీ చిక్కగా పెట్టు" అన్నారు.

రోడ్డు దాకా పరిగెత్తాను. దుమ్ము కూడా లేదు.

వారానికి ఎసెన్ మళ్ళీ వచ్చాడు. అడిగాను. పరాయి మగవాడితో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. "తెల్లదంతా కనుమ దాటిపోయింది చెల్లెమ్మా, ఈపాటికి కరిగి గిన్నెలయి ఉంటుంది" అన్నాడు. నల్ల ముద్ద, గుడ్డలో చుట్టి ఉందన్నాను. నుదురు గోక్కున్నాడు. "ఆ, మట్టిగడ్డ ఒకటి! తెల్లదాంట్లో నల్లది కనిపిస్తే అక్కడ సంచి మొత్తానికి కోత వేస్తారు. మా వాడు ఏరి బయటికి విసిరేశాడు. ఎక్కడంటే ఏం చెప్పను, లారీ నడుస్తూనే ఉందిగా. ఏం, విలువైనదా?"

"కాదు" అన్నాను.

బ్యాటరీలు అలా అయిపోయాయి. నాలుగు రోజులు రోడ్డు పక్కన యంత్రం ఊపుకుంటూ నడిచాను, పొయ్యిలోకి ముళ్ళకంపకు వెళ్తున్నానని చెప్పి. రోడ్డు పక్కన యంత్రం పలకని చోటు లేదండీ. మూతలు, బోల్టులు, సార్డీను డబ్బాలు, మొత్తం దేశం ఆ రోడ్డు మీదే విరిగి రాలిపోయినట్టు. ప్రతి దానికీ వంగాను. నాలుగో రోజు ఒక మూత కోసం వంగి ఉండగా చెవుల్లో చప్పుడు సన్నబడి ఆగిపోయింది. అక్కడినుంచి కనుమ దాకా ఇంకా ఎంత రోడ్డు ఉందో మీకు తెలుసు.

ఆ వారమే మామయ్య పడకెక్కారు. రోజూ సాయంత్రం అడిగేవారు, "ఏం కోడలా, యంత్రం ఏమైనా పలికిందా?" "మేకులు మామయ్యా." "మేకులైనా మంచిదే, ఇల్లు కట్టుకుంటాం." పది రోజులు ఈ మాటలే. మౌల్వీ వచ్చి చదివి వెళ్ళారు. రెండు గుక్కల టీ తప్ప ఇప్పుడేమీ దిగడం లేదు.

మొన్న మధ్యాహ్నం చెప్పేద్దామని వెళ్ళాను. దాచుకుని ఆయన్ని పంపలేనని అనిపించింది. "మామయ్యా, తెల్లది..." అని మొదలుపెట్టాను. కళ్ళు తెరవకుండానే "సంచిలో వెయ్యమ్మా" అన్నారు.

అప్పుడు పలికాను. మన వంశంలో ఏ కోడలూ చెయ్యని పని చేశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, మీరు నన్ను ఏమైనా అనుకోండి. కుమూష్ అన్నాను. వెండి. ఆయన పేరు.

కళ్ళు తెరిచారు. ఆ పేరుతో ఆయన్ని పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ మిగల్లేదు కదా. గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"ఆఁ అమ్మా?"

నన్ను వాళ్ళమ్మ అనుకున్నారని అప్పుడు తెలిసింది.

"దొరికిందా అమ్మా?"

దొరికింది అన్నాను. అది అబద్ధం కాదు.

"కట్టుకో. నడువు. వింటాను."

ఏం చెయ్యను? వంటింట్లోకి వెళ్ళాను. బుట్ట అడుగున విరిగిన చెంచా కాడలు మూడు, కొన్ని మూతలు ఉన్నాయి, ఎసెన్ కూడా వద్దని వదిలేసినవి. మేకుతో చిల్లులు పెట్టి దారంతో నా జడల చివర కట్టుకున్నాను. ఆయన పక్కన అటూ ఇటూ నడిచాను. గలగలమన్నాయి. మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు కొల్‌ఖోజ్‌లో లోహాన్ని చప్పుడుతోనే పోల్చినవారు, మీకు యంత్రం నేర్పింది కూడా ఆయనే. తల పక్కకు తిప్పి విన్నారు. నేను ఆగితే చెయ్యి కదిపారు, ఇంకోసారి నడవమని. నడిచాను. చివరికి, మెల్లగా, "తెల్లది" అన్నారు.

ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ తర్వాత మాట్లాడలేదు. నేనడిగినా పలకడం లేదు, మౌల్వీ అడిగినా పలకడం లేదు.

అది నేననే తెల్లదో, ఎసెన్ సంచిలో తెల్లదో నాకు తెలియలేదు. మీకైతే తెలుస్తుందేమో. ఆయన గొంతు మీకు నాకంటే బాగా తెలుసు. కానీ నేనెంత బాగా రాసినా ఆ గొంతు ఈ కాగితం మీదికి రాదు.

వసంతం దాకా రాలేనన్నారు. తొందరపడి రావద్దు. ఈ ఉత్తరం అందేసరికి ఆయన ఉండరు. చెంచా కాడలు ఇంకా జడకే ఉన్నాయి, విప్పలేదు. విప్పితే ఆ చప్పుడు ఆయన వింటారని.

ఇది చదివాక కాల్చేయండి. ఇందులో ఆయన పేరు నా చేతిరాతతో ఉంది. ఎవరికంటా పడకూడదు. పొయ్యిలో వేసి, పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే ఉండండి.

ఇట్లు,
మీ ఇంటి కోడలు,
మీ భార్య
అనార్‌కుల్