మునుపటి మొహం ఇప్పించమని

వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,
చర్మ సౌందర్య క్లినిక్కు కౌంటరులో పనిచేయుచున్న ఉద్యోగిని సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా బుగ్గలలోను, కళ్ల క్రిందను, ముక్కు ప్రక్క గీతలలోను నింపబడిన ఫిల్లరును కరిగించుటకు ఉత్తర్వులు ఇప్పించి, మా అమ్మ నన్ను గుర్తుపట్టు అవకాశము కల్పించుట గురించి.

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది:

1. మా క్లినిక్కులో ఒక ఆనవాయితీ కలదు. కౌంటరులో కూర్చొను మనిషికి ముందుగా ఫిల్లరు ఎక్కించెదరు. ఫిల్లరు అనగా చర్మము క్రింద సూదితో నింపు జెల్లు. దానితో ముడతలు పూడిపోయి మొహము నున్నగా తయారగును. సూది అనగానే బెదిరిపోవు ఆడవారి ముందుకు నేను బుగ్గ చాపి "నొక్కి చూడండి, ఏం కాదు" అనవలెను. వారు నొక్కెదరు. కొందరు గిల్లి కూడా చూసెదరు. బట్టల కొట్టులో గుడ్డ విప్పి చూపినట్టు పొద్దస్తమానం బుగ్గ చూపుట నా విధులలో భాగము. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ మురిపెంగానే ఉండేది.

2. మా అమ్మకు మతిమరుపు జబ్బు. ఇంట్లో మేమిద్దరమే. ఆ జబ్బు ఊరిని, చుట్టాలను, చచ్చిపోయిన మా నాన్నను కూడా తుడిచిపెట్టినది గానీ నా మొహాన్ని మాత్రం వదిలేసింది. ఫిల్లరు ఎక్కించుకుని ఇంటికి వెళ్లిన సాయంత్రం అది కూడా పోయింది. తలుపు తీసి "ఎవరు కావాలమ్మా?" అంది. నేనే అమ్మా అంటే, "గొంతు మా పిల్లదే. దాన్నెక్కడ పెట్టావ్?" అని వంగి మంచం కింద వెతికింది.

3. కంచం ముందు కూర్చోగానే మొదటి ముద్ద నాకు పెట్టి, నేను మింగిన తర్వాత తాను తినుట మా అమ్మకు నా చిన్నతనము నుండి అలవాటు. ప్రస్తుతము ఆమె బీరువా అద్దములో తనను తాను చూసుకుని, అది నేనే అనుకొనుచున్నది. ఆమె తప్పేమీ లేదు. నాది అచ్చం అమ్మ పోలికే, ముక్కు పక్క గీతలతో సహా. ఆ గీతలే ఇప్పుడు పూడ్చబడినవి. అందుచేత మొదటి ముద్ద అద్దానికి పెట్టుచున్నది. అద్దం తినదు. "నువ్వు తినకుండా నేనెప్పుడు తిన్నానే?" అని కంచం నెట్టేస్తోంది. నేను పెట్టబోతే, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేత్తో తిననని మూతి బిగిస్తోంది. గిన్నెలో మజ్జిగ తనే ముంచుకుని తాగితే తాగినట్టు, అంతే. చిక్కి సగమైపోయింది. ఉంగరం వేలి నుంచి జారిపోతుంటే దారం చుట్టాను. ఇప్పుడు దారంతో సహా జారుతోంది.

4. కరిగించు ఇంజెక్షన్ కలదు. మా డాక్టరమ్మ వద్దనే కలదు. కాళ్లావేళ్లా పడి అడిగితిని. "బయట బోర్డు మీద ఉన్నది నీ ఫొటోనే కదా! కౌంటర్లో ఇంకో మొహం కూర్చుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" అంది. మానేస్తానన్నాను. "మానెయ్. బయటివాళ్లకి మాత్రం నేను కరిగించను" అంది. వేరే డాక్టర్ల దగ్గరికి తిరిగాను. ఏ జెల్లు ఎంత ఎక్కించారో మొదటి డాక్టరు రాసివ్వనిదే వాళ్లు చెయ్యి వెయ్యరట. ఈవిడేమో రాసివ్వదు. పోనీ, దానంతటదే కరిగేదాకా ఆగుదామంటే, కాస్త తగ్గగానే "వాడిపోయావేంటే?" అంటూ మళ్లీ నింపుతోంది. మానేసి ఇంట్లో కూర్చుందామంటే అది కరగడానికి నెలలు పడుతుంది. అమ్మ అన్నాళ్లు మజ్జిగ మీదే బతుకుతుందా? ఎటు తిరిగినా గోడే తగులుతోందండీ.

5. తమ కార్యాలయమునకు స్వయముగా వచ్చియుంటిని. తమ గుమాస్తా గారు నన్ను ఎగాదిగా చూసి "ఇంత కళకళలాడుతున్నారు, మీకేం కష్టమమ్మా?" అన్నారు. నేను ఏడ్చాను. బుగ్గలు పైకి లేచి ఉండుటచే నా ఏడుపు ఏడుపులా కనబడదు. "నవ్వుతారేంటండీ, ఇది ఆఫీసు" అని కసిరారు. వెనక్కి వస్తుంటే మెట్ల దాకా వచ్చి, మా ఆవిడక్కూడా మీలాగే చేస్తారా అని మెల్లగా అడిగారు.

6. సదరు బోర్డు మీద నావి రెండు ఫొటోలు కలవు. ఒకదాని క్రింద 'మునుపు' అనియు, రెండవదాని క్రింద 'తరువాత' అనియు వ్రాసియున్నది. మునుపటిదానిని ఫోనులో తీసి అమ్మకు చూపించాను. ఫోను లాక్కుని గుండెకు హత్తుకుంది. "ఇదే మా పిల్ల. నీకు తెలుసా ఇది? తీసుకురామ్మా" అంది. ఎక్కడి నుంచి తీసుకురానండీ? దాని మీద నేనే కూర్చుని ఉన్నాను.

కావున, పై సంగతులను దయతో పరిశీలించి, నా మొహములోని జెల్లును వెంటనే కరిగించవలసినదిగా డాక్టరమ్మకు ఉత్తర్వులు పంపవలెను. అది వీలుకానిచో, ఎక్కించినది ఏమిటో, ఎంతో రాసివ్వమని అయినా ఆదేశించవలెను. కంచం ముందు ఆకలితో కూర్చున్న ముసలి ప్రాణము కొరకు పెట్టుకున్న అర్జీగా దీనిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
'తరువాత' అని వ్రాసిన ఫొటోలోని మనిషి

తా.క.: ఇది మడిచి కవరులో పెట్టబోతుండగా అమ్మ పిలిచింది. నన్నే పిలిచిందని పరుగెత్తాను. అద్దం ముందు ముద్ద పట్టుకుని కూర్చుంది. "చూడమ్మా, నువ్వెవరో గానీ మంచిదానిలా ఉన్నావు. మా పిల్ల తిననంటోంది. నాకేమో ఆకలేస్తోంది. నువ్వైనా కాస్త నచ్చజెప్పు" అంది. నేను అమ్మ పక్కన కూర్చుని అద్దంతో "తినవే, అమ్మ చెయ్యి నొప్పెడుతోంది, తినవే" అని బతిమాలాను. చాలాసేపు బతిమాలానండీ. అది తినలేదు. అమ్మా తినలేదు.