కత్తిపీట ఉండే మూల

కనకం,

పొద్దున్నే నా చేతిలో ఉన్నవి రెండు: రతన్‌పూర్ బస్సుకి అరగంట టైము, నీ కత్తిపీట. టైము అయిపోయింది. కత్తిపీట సంచిలో వేసుకుని కొట్టుకి పట్టుకుపోతున్నాను. వెతకొద్దు.

నిన్న వంటింట్లో నేలమీద కూర్చుని బెండకాయలు తరుగుతూ దొరికిపోయావు. పైగా "ఏటి, ఒక్క నిమిషానికి ఏటయిపోద్ది?" అన్నావు. కొత్తగా వేసిన తుంటి కీలు గూట్లోంచి జారిపోవడానికి ఆ నిమిషమే చాలని డాక్టరు నీ ఎదుటే చెప్పాడు. నొప్పి మోకాల్లో ఉందని ఏళ్ల తరబడి మోకాలికే నూనె రాశాం. అరిగిపోయింది తుంటి. ఆ ఒక్క బేరంలో మోసపోయింది చాలు.

కింద కూర్చోకు. కాలు మీద కాలు వేయకు. ఏదైనా పడితే వంగి తీయకు, ప్రసూనని పిలువు. పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు ఉండాలి. కర్ర పట్టుకుని వరండాలో నడువు, అది మాత్రం మానకు.

కోడలు ప్రసూనకి తెలుగు చదవడం రాదు కదా అని, ఇందులో లేనిది చదివి వినిపించకు. "కూర్చోవచ్చని మావయ్యగారే అన్నారు" అని నిన్న దానికి చెప్పావట!

సందు చివరిదాకా వెళ్లి, మనసు ఆగక వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను. నువ్వు వంగక్కర్లేకుండా ఈ చీటీ గోడ మేకుకి గుచ్చి వెళ్తాను. కత్తిపీట కోసం ఈ మూలకి ఎలాగూ వస్తావు.

వంకాయలు నేనే తరిగి ఉప్పునీళ్లలో వేశాను. ముక్కలు చూసి నవ్వకు. నా వేలు తెగింది, నీ కీలు దక్కింది. లాభం నాదే.