చెల్లిని పంపొద్దు

అమ్మా, నేను కులాసా అని రాస్తే నువ్వు నమ్మవు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాన్నా, చదివి వినిపించేది నువ్వే కదా, సిగ్గుపడి ఏదీ దాటెయ్యకు.

మాటిమాటికీ ఒంటికి లేస్తే కసురుతారని ఇక్కడ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడపిల్లలెవరూ నీళ్లు తాగరు. నెలసరిలో కడుపు మెలిపెడితే సూపర్‌వైజరమ్మ పేరు లేని మాత్ర ఇస్తుంది. నిన్న నా పక్క పిల్ల కుడుతూనే ఒరిగిపోయింది. సూపర్‌వైజరమ్మ మొదట ఆ పిల్ల కుడుతున్న చొక్కాకు మరకంటిందేమో చూసి, "మిగతాది నువ్వు కుట్టు" అంది నాతో. కుట్టాను.

ఆ మాత్రలు మింగీ మింగీ నాకు నెలసరే ఆగిపోయింది. నేను ఏ తప్పూ చెయ్యలేదమ్మా. ఏం చేస్తే మళ్లీ వస్తుందో రాయించు.

చెల్లికి ముద్దులు. దాన్ని కూడా పంపమంటావా అని మీరు అడిగారు కదా, పంపొద్దు. నాన్నా, ఈ మాట మాత్రం రెండుసార్లు చదువు.