కప్పు ఊపినా పోసిన గావా

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఈ అబుదాబి గదిలో నీకు దీపం పెట్టాను. సాయంత్రం నుంచి నా కాళ్ళు నేల మీద ఆగడం లేదు!

ఇక్కడి బ్యాంకులన్నిటి మీద అజమాయిషీ చేసే పెద్ద బ్యాంకులో నీ కొడుకు గావా పోస్తాడు కదా. గావా అంటే అరబ్బుల కాఫీ. చాలనుకుంటే నోటితో చెప్పరు, ఖాళీ కప్పు ఊపుతారు. ఇవాళ బోర్డు పెద్దలు కూర్చుని బదిలీలు, సెలవులు, కొత్త ఏసీలు ఒప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఈయన పేరు వినబడిందట. టైపింగ్ నేర్చుకున్నాడని క్లర్కును చేశారు! ఆ హోదా ఉంటేనే భార్యకు ఇక్కడే ఉండిపోయే వీసా ఇస్తారు. నా విజిట్ వీసా వచ్చే వారమే అయిపోతుంది.

ఆ సంతోషంలో ముదీర్, అంటే వీళ్ళ మేనేజరు, కప్పు ఊపినా ఈయన పోసేశాడట.

"ఖలాస్ భాయ్, ఖలాస్! అబ్ తుమ్ క్లర్క్ హై!" ఇక చాలు, ఇప్పుడు నువ్వు క్లర్కువి అని ముదీర్ ఒకటే నవ్వట.

"ఇంక గావా ఎవరు పోస్తరు?" అని ఈయన్ని అడిగాను.

"ఇంట్ల నువ్వు పొయ్యి. నువ్వింక పోవుడు లేదు గదా" అన్నాడు.

సిగ్గుపడుతూ చాయ్ పోశాను. గ్లాసు ఊపాడు. అయినా మళ్ళీ పోశాను.

మామ బొంబాయిలో, నువ్వు ఊళ్ళో బతికారు. "నా లెక్క దూరం ఉండకు బిడ్డా" అనేదానివి. ఇప్పుడే నా ప్రయాణం పెట్టె విప్పాను. అడుగున నీ చీర ఉంది. తీసి అల్మారాలో నా చీరల పక్కన పెట్టాను.